కూలిన చోటే తప్పు ఉండదు

2025లో జీఎన్‌యూ 'సార్ట్' కమాండ్‌లో ఒక లోపం బయటపడింది. ఫైల్లోని లైన్లను క్రమంలో పెట్టడమే సార్ట్ పని. ప్రతి లైనులో ఫలానా అక్షరం నుంచి మొదలుపెట్టి పోల్చమని కూడా దానికి చెప్పొచ్చు. ఆ అక్షరం సంఖ్యగా 18446744073709551615 అని పాత పద్ధతి ఆప్షన్‌లో ఇస్తే, సార్ట్ తన బఫర్ మొదలయ్యే చోటుకు ఒక్క బైటు ముందున్న మెమరీని చదివేది. 64 బిట్లలో పట్టే అతి పెద్ద పూర్ణాంకం అదే. పాయింటర్‌కి దాన్ని కలిపితే లెక్క ఒక చుట్టు తిరిగి, బయల్దేరిన చోటుకన్నా ఒక బైటు వెనక్కి వచ్చి పడుతుంది.

కోడ్‌లో తనిఖీ లేకపోలేదు. లైను చివర దాటామా అని చూసే మాట అక్కడే ఉంది. కాకపోతే ముందు కలిపి, తర్వాత చూసేవారు. కూడికలోనే లెక్క వెనక్కి తిరిగాక 'చివర దాటలేదు' అన్న జవాబే వస్తుంది. దిద్దుబాటుకి రెండు మూడు లైన్లు సరిపోయాయి. లైనులో ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో ముందు తీసివేతతో తేల్చుకోవాలి, అడిగిన సంఖ్య అంతకంటే చిన్నదైతేనే కలపాలి, లేదంటే లైను చివరకి పోవాలి. ఈ లోపం, సార్ట్ ఉండే ప్యాకేజీ అయిన కోర్‌యుటిల్స్ 2009 నాటి 7.2 వెర్షన్ నుంచీ ఉంది. అంటే 16 ఏళ్లుగా ప్రపంచంలోని చాలా లైనక్స్ సర్వర్లలో ఉంటూ వచ్చింది.

ఒక్క బైటు చదివినంత మాత్రాన కొంపలు మునగవు. అయినా కమాండ్ లైన్ పనిముట్లలో మెమరీ బగ్గుల గురించి మాట్లాడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఇలాంటివి ఎలా దొరుకుతాయి, దొరికాక ఎక్కడ దిద్దాలి, దిద్దకుండా వదిలేయదగ్గవి ఉన్నాయా, అసలు పుట్టకుండా చేయగలమా అన్న ప్రశ్నల మీద మూడున్నర దశాబ్దాల అనుభవం పోగైంది. అదంతా చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. ప్రోగ్రామ్ కూలిన లైనులో ఒక 'ఇఫ్' పెట్టి ఊరుకుంటే అది దిద్దుబాటు అనిపించుకోదు. కోడ్‌లో ఒక భాగం ఇంకో భాగాన్ని నమ్మింది. ఆ నమ్మకం ఎక్కడ వమ్మయిందో కనిపెట్టి అక్కడ దిద్దాలి.

ఈ చరిత్ర 1988లో మొదలవుతుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్ క్యాంపస్‌లో ప్రొఫెసర్ బార్టన్ మిల్లర్ ఒక గాలివాన రాత్రి ఇంటి నుంచి ఫోన్ లైను మీద యూనిక్స్‌లో పనిచేస్తున్నారు. వాన వల్ల లైనులోకి చెత్త అక్షరాలు దూరాయి. అంతవరకు ఆశ్చర్యం లేదు. ఆ చెత్తకి రోజూ వాడే కమాండ్లే కూలిపోవడం ఆయన్ని ఆశ్చర్యపరిచింది. దాన్నే విద్యార్థులకి ప్రాజెక్టుగా ఇచ్చారు. అడ్డదిడ్డమైన అక్షరాలు పుట్టించే ప్రోగ్రామ్ ఒకటి రాసి కమాండ్లకి తినిపించి చూడమన్నారు. 1990లో అచ్చయిన ఫలితం ప్రకారం దాదాపు 90 కమాండ్లలో, యూనిక్స్ రకాన్ని బట్టి, 25 నుంచి 33 శాతం కూలిపోయాయి లేదా కదలకుండా ఆగిపోయాయి. ఫజ్ టెస్టింగ్ అనే పద్ధతికి పేరు పెట్టినదీ ఆ బృందమే.

1988లోనే నవంబర్ 2న మోరిస్ వర్మ్ ఇంటర్నెట్‌ని కుదిపేసింది. అది దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ సర్వర్‌లోని 512 బైట్ల బఫర్. ఎంత పొడవు వస్తే అంతా చదివేసే 'గెట్స్' అనే ఫంక్షన్‌తో దాన్ని నింపేవారు. ఎంత చోటుందో గెట్స్‌కి చెప్పే మార్గమే లేదు. అలాంటి ఫంక్షన్‌ని సీ భాష ప్రమాణం నుంచి తీసేసింది 2011లో. ఒక చెడ్డ ఫంక్షన్ చెడ్డదని లోకమంతా చూశాక కూడా వదిలించుకోవడానికి 23 ఏళ్లు పట్టిందన్నమాట.

మిల్లర్ బృందం 1995లో పరీక్ష మళ్లీ పెట్టింది. కంపెనీలు అమ్మే యూనిక్స్‌లలో 15 నుంచి 43 శాతం కమాండ్లు ఫెయిలయ్యాయి. ఉచితంగా దొరికే జీఎన్‌యూ కమాండ్లలో ఆ లెక్క 7 శాతమే. జీఎన్‌యూ వాళ్ల కోడింగ్ నియమాల్లోని ఒక మాట దీనికి చాలావరకు కారణమని నా నమ్మకం. లైను పొడవుకీ, ఫైలు పేరుకీ, దేనికీ ముందే హద్దు పెట్టుకోవద్దు, కావలసినంత మెమరీ అప్పటికప్పుడు తీసుకోమంటుంది ఆ నియమం. 'లైను 1024 బైట్లు దాటదులే' అనుకునే అలవాటు ఒక్కటి పోతే ఒక జాతి బగ్గులన్నీ పోతాయి. 2020లో అదే బృందం మళ్లీ చూస్తే లైనక్స్‌లో 12 శాతం, మాక్‌ఓఎస్‌లో 16 శాతం, ఫ్రీబీఎస్‌డీలో 19 శాతం ఫెయిలయ్యాయి. 30 ఏళ్ల నాటి పరీక్షకే ఇన్ని పడిపోవడం బాధాకరం.

వెతికే పనిముట్లు మాత్రం ఈలోగా చాలా మెరుగయ్యాయి. 2002లో జూలియన్ సీవర్డ్ విడుదల చేసిన వాల్‌గ్రిండ్, ప్రోగ్రామ్‌ని తిరిగి కంపైల్ చేయకుండానే ప్రతి మెమరీ అడుగునూ కనిపెట్టి చూస్తుంది. వేగం 20, 30 రెట్లు పడిపోతుంది, కానీ చిన్న కమాండ్లకి అదేం ఇబ్బంది కాదు. 2012లో గూగుల్ ఇంజనీర్ల అడ్రస్ శానిటైజర్ వచ్చాక ఆ నిదానం రెండు రెట్లకి తగ్గింది. హీప్‌లో ఏ బఫర్‌కి ఎన్ని బైట్ల అవతల తప్పు అడుగు పడిందో, ఆ బఫర్‌ని ఏ లైనులో తీసుకున్నారో అది చెబుతుంది. మిహావ్ జలెవ్‌స్కీ రాసిన ఏఎఫ్‌ఎల్ అనే ఫజ్ టెస్టింగ్ పనిముట్టు, కోడ్‌లో కొత్త దారి తొక్కిన ఇన్‌పుట్‌ని దాచుకుని, దాన్నే ఇంకాస్త మార్చి చూస్తుంది. ఇవి కలిశాక దొరికేవి వేగంగా దొరుకుతున్నాయి.

ఆ జలెవ్‌స్కీయే 2014లో 'స్ట్రింగ్స్' కమాండ్ సంగతి బయటపెట్టారు. అనుమానం ఉన్న ఫైల్లో చదవగలిగే అక్షరాలేమున్నాయో చూడటానికి సెక్యూరిటీ వాళ్లు మొదట నడిపేది ఆ కమాండే. కానీ అది ఫైల్ని ఊరికే చదివేది కాదు. ఎగ్జిక్యూటబుల్ అయితే దాని లోపలి విభాగాలను ఓ పెద్ద లైబ్రరీతో విప్పి చూసేది, ఆ లైబ్రరీలో మెమరీ బగ్గులున్నాయి. హానికర ఫైల్ని పరీక్షించబోయినవాడి మీదే అది దాడి చేయగలదు. లైబ్రరీలోని బగ్గుల్ని ఒక్కొక్కటిగా దిద్దారు, నిజమే. నాకు నచ్చిన దిద్దుబాటు మాత్రం వేరే ఉంది. ఆ తర్వాత స్ట్రింగ్స్ మామూలుగా నడిపితే ఫైల్ని విప్పకుండా మొదటి బైటు నుంచి చివరి దాకా ఉన్నదున్నట్టు చదివేలా మార్చారు. అవసరం లేని కోడ్ నడవకపోతే అందులోని బగ్గులతో మనకి పనే లేదు.

ఇక సుడో. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ఈ కమాండ్ మామూలు యూజర్‌ని కాసేపు సర్వాధికారాలున్న రూట్‌గా మారుస్తుంది. అంటే తనంతట తాను ముందే రూట్‌గా నడుస్తుంది. అందులో ఒక్క బైటు దారి తప్పినా మెషీన్ మొత్తం చేజారినట్టే. 2021 జనవరి 26న క్వాలిస్ సంస్థ పరిశోధకులు 'బ్యారన్ సామెడిట్' అని పేరుపెట్టి ఒక లోపాన్ని ప్రకటించారు. 2011 జూలైలో చేరిన కోడ్ అది. పాస్‌వర్డ్ తెలియని, ఏ అనుమతీ లేని యూజర్ కూడా రూట్ అయిపోగలడు.

జరిగింది ఇది. కమాండ్‌ని షెల్ ద్వారా నడపమని 'ఎస్' ఆప్షన్ ఇస్తే, సుడో ముందు భాగం ఆర్గ్యుమెంట్లలోని ప్రత్యేక అక్షరాల ముందు ఒక్కో బ్యాక్‌స్లాష్ తగిలిస్తుంది. ఆ తర్వాత అనుమతులు చూసే వెనక భాగం, నియమాల ఫైల్‌తో పోల్చుకోవడం కోసం, ఆ బ్యాక్‌స్లాష్‌లను తీసేస్తూ ఆర్గ్యుమెంట్లన్నిటినీ ఒక హీప్ బఫర్‌లోకి కాపీ చేస్తుంది. బఫర్ ఎంతుండాలో ఆర్గ్యుమెంట్ల పొడవులు కూడి ముందే లెక్కగట్టారు. లూప్ చిన్నది. బ్యాక్‌స్లాష్ కనిపించి, దాని పక్కన ఖాళీ లేకపోతే, దాన్ని వదిలేసి పక్క అక్షరాన్ని కాపీ చేస్తుంది. మరి ఆర్గ్యుమెంట్ ఒంటరి బ్యాక్‌స్లాష్‌తో ముగిస్తే? దాని పక్కనున్నది స్ట్రింగ్ అయిపోయిందని చెప్పే సున్నా బైటు. లూప్ దాన్నీ మామూలు అక్షరంలాగే కాపీ చేసి ముందుకు పోతుంది. ఆగమని చెప్పే గుర్తునే దాటేశాక ఇంక అవతల ఏముంటే అది కాపీ అవుతూ పోతుంది. ఆర్గ్యుమెంట్ల తర్వాత మెమరీలో ఉండేవి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, వాటిని నింపేది కమాండ్ నడిపే మనిషే. ఎంత పొంగిపొర్లాలో, ఏ బైట్లతో పొర్లాలో అన్నీ దాడి చేసేవాడి చేతిలోనే ఉన్నాయి.

లూప్ రాసినవారు ఇది ఆలోచించలేదనుకోకూడదు. ముందు భాగం ప్రతి బ్యాక్‌స్లాష్‌కీ ఇంకోటి జత చేస్తుంది కాబట్టి ఒంటరిది వెనక భాగానికి చేరదు. ఒప్పందం గట్టిదే. అయితే బ్యాక్‌స్లాష్ తగిలించే షరతు ఒక రకంగా, తీసేసే షరతు ఇంకో రకంగా రాసి ఉన్నాయి. 'నడుపు' అనే మోడ్‌లో ఉంటేనే మొదటిది పనిచేస్తుంది. 'ఎడిట్' మోడ్‌లో ఉన్నా రెండోది పనిచేస్తుంది. ఎడిట్ మోడ్‌తో ఎస్ ఆప్షన్ కలిపితే సుడో మామూలుగా ఒప్పుకోదు. కానీ అదే ప్రోగ్రామ్‌ని 'సుడోఎడిట్' అనే రెండో పేరుతో పిలిస్తే, ఏ ఆప్షన్లు చెల్లుతాయో కుదించే మాట అక్కడ రాయలేదు. ఆ సందులోంచి తగిలించని బ్యాక్‌స్లాష్ తీసేసే లూప్‌కి చేరింది. ఫజ్ టెస్టింగ్ ఎక్కువగా ఇన్‌పుట్ ఫైళ్ల మీద జరుగుతుంది. ఆర్గ్యుమెంట్లను మార్చి చూసేవారు తక్కువ, ప్రోగ్రామ్ పేరు మార్చి చూసేవారు ఇంకా తక్కువ. పదేళ్లు దొరక్కపోవడానికి అది ఒక కారణమై ఉండాలి.

దశాబ్దాలుగా సుడో బాగోగులు చూస్తున్న టాడ్ మిల్లర్ 1.9.5పీ2 వెర్షన్‌లో దీన్ని దిద్దిన తీరు పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గది. కూలిన లూప్‌లో, బ్యాక్‌స్లాష్ పక్కన ముగింపు ఉందేమో చూసే మాట చేర్చారు. అంతటితో ఆపలేదు. తీసేసే షరతులో 'నడుపు' మోడ్ ఉండాలని చేర్చి తగిలించే షరతుతో సరిపెట్టారు. సుడోఎడిట్ అనే పేరుతో పిలిచినా ఎడిట్ మోడ్‌కి చెల్లే ఆప్షన్లే చెల్లేలా చేశారు. లూప్‌లోని మాట ఒక్కటే ఉండి ఉంటే రేపు ఇంకెవరో ఆ రెండు షరతుల తేడాలోంచే ఇంకో దారి వెతికేవారు. రెండు షరతులూ ఒకటయ్యాక ఆ దారి లేదు. చిన్న ప్యాచ్ మంచిదని, పాత వెర్షన్లలోకి సులువుగా ఎక్కుతుందని వాదించేవారున్నారు. వాళ్లు చెప్పేది నిజమే, అర్ధరాత్రి సర్వర్ కాపాడుకోవడానికి ఒక్క లైను ప్యాచ్ చాలు. కానీ ప్రోగ్రామ్‌ని ముందుకు నడిపేవాళ్లు అక్కడ ఆగకూడదు.

దాదాపు ఏడాది తర్వాత, 2022 జనవరి 25న, అదే క్వాలిస్ సుడోలాగే రూట్‌గా నడిచే 'పీకేఎగ్జెక్' కమాండ్ మీద ప్రకటన చేసింది. ఇక్కడ నమ్మకం ఇంకా పాతది. ఏ ప్రోగ్రామ్‌కైనా మొదటి ఆర్గ్యుమెంట్‌గా దాని పేరు వస్తుందని అందరూ అనుకుంటారు. లైనక్స్‌లో అసలు ఒక్క ఆర్గ్యుమెంట్ కూడా లేకుండా ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టొచ్చు. అప్పుడు పీకేఎగ్జెక్ ఒకటో స్థానం నుంచి చదవబోయి, పక్కనే మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ జాబితాలోకి వెళ్లేది, తర్వాత అక్కడే రాసేది. రూట్ ప్రోగ్రామ్‌కి అందకూడదని సిస్టమ్ ముందే తీసేసిన ప్రమాదకర వేరియబుల్‌ని అలా తిరిగి లోపలికి చొప్పించొచ్చు. 2009 మే నుంచీ ఉన్న లోపం. 2013లోనే ఒక ప్రోగ్రామర్ ఈ వింతను గమనించి రాశారు, దానితో ఏం చేయొచ్చో అప్పటికి తేలలేదు. పీకేఎగ్జెక్‌లో తనిఖీ చేర్చారు. ఆపై లైనక్స్ కెర్నల్ 5.18లో, ఆర్గ్యుమెంట్లు లేకుండా పిలిస్తే కెర్నలే ఒక ఖాళీ స్ట్రింగ్ పెట్టేలా మార్చారు. ఓపెన్‌బీఎస్‌డీ అలాంటి పిలుపుని అప్పటికే తిరస్కరిస్తోంది. ఎన్నో ప్రోగ్రామ్‌లు చేయగల పొరపాటుని ఒక్కచోట ఆపడం ఇదే, ఇదే సరైన చోటు.

అన్నీ దిద్దాలా అంటే, అక్కర్లేదు. తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం లీక్. క్షణంలో పని ముగించి వెళ్లిపోయే కమాండ్‌లో, ముగిసే ముందు దాకా వాడిన మెమరీని విడిపించకపోతే నష్టం లేదు. ప్రాసెస్ ముగియగానే ఆపరేటింగ్ సిస్టమ్ అంతా వెనక్కి తీసుకుంటుంది. వాల్‌గ్రిండ్ నోరు మూయించడానికి మాత్రమే చివర్లో విడిపించే కోడ్ చేర్చవద్దని జీఎన్‌యూ నియమాలే చెబుతాయి. నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రిపోర్టులో సున్నా రావాలని అనవసరంగా చేర్చిన 'ఫ్రీ' ఒక్కటి, రెండుసార్లు విడిపించడంగానో, విడిపించాక వాడటంగానో మారిందంటే నిరపాయమైన దాని బదులు ప్రమాదం తెచ్చుకున్నట్టే. 'టాప్' కమాండ్ లాగా రోజుల తరబడి నడిచేవాటి సంగతి వేరు, వాటిలో లీక్ లీకే.

తెలుగువాళ్లకి నేరుగా తగిలే కోణం ఒకటుంది. 'తెలుగు' అన్న మాట కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి 18 బైట్లు. 'డబ్ల్యూసీ' కమాండ్‌ని సీ ఆప్షన్‌తో అడిగితే 18 అంటుంది, ఎమ్ ఆప్షన్‌తో అడిగితే ఆరు అంటుంది. ఒక అక్షరం అంటే ఒక బైటు అన్న నమ్మకం మీద కట్టిన పాత యూనిక్స్ కోడ్‌కి మన లిపి మొదటి నుంచీ పరీక్షే. జీఎన్‌యూ అసలు కోడ్‌లో ఇలాంటి బహుబైటు అక్షరాలకి మద్దతు చాలాకాలం అరకొరగా ఉండటంతో లైనక్స్ పంపిణీదారులు తమ సొంత ప్యాచ్‌ని పైన అతికించుకుంటూ వచ్చారు. సూసే వాళ్ల ఆ ప్యాచ్‌లో 2013లో సార్ట్, యూనిక్, జాయిన్ మూడూ పొడవాటి లైనుకి కూలిపోతున్నాయని తేలింది. వచ్చిన లైను పొడవుని బట్టి 'అలోకా'తో స్టాక్‌లోనే చోటు తీసుకోవడం అందుకు కారణం. స్టాక్‌లో చోటు చాలకపోతే చెప్పే మార్గం అలోకాకి లేదు. హీప్‌లో తీసుకుని, దొరక్కపోతే మర్యాదగా ఆగిపోవడమే దీనికి మందు. బహుభాషా మద్దతు అసలు కోడ్‌లోకి రాకుండా పక్కన అతుకుగా మిగిలితే, అందరి కళ్లూ దాని మీద పడవు. మన భాషల పనిని పక్క ప్యాచ్‌లకి వదిలేయకూడదని నేను గట్టిగా అనుకోవడానికి ఇదే కారణం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'ను పోలిన ఒక అక్షర సముదాయం ఐఫోన్లలో యాప్‌లను కూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కమాండ్ లైనుతో దానికి సంబంధం లేకపోయినా, ఐఓఎస్ 11.2.6లో దాన్ని దిద్దినప్పుడు ఆపిల్ చెప్పిన కారణం మెమరీ పాడవడమే.

పుట్టకుండా ఆపడం మాటకొస్తే రెండు దారులు నడుస్తున్నాయి. బగ్ ఉన్నా అది చేయగలిగిన హానిని కట్టడి చేయడం మొదటిది. 2022 నవంబర్‌లో ఫ్రీబీఎస్‌డీ 'పింగ్'లో స్టాక్ మీద 40 బైట్ల దాకా పొంగిపోయే లోపం దొరికింది. అవతలి నుంచి వచ్చిన ప్యాకెట్‌లో ఐపీ ఆప్షన్లు ఉండొచ్చన్నది మరిచారు. కానీ ఆ చోటుకి వచ్చేసరికి పింగ్ క్యాప్సికమ్ అనే కట్టడి గదిలో బందీగా ఉంటుంది, ఫైళ్లని తెరిచే హక్కు కూడా ఉండదు. అందువల్ల అది పెద్ద ప్రమాదం కాలేదు.

రెండోది భాషనే మార్చడం. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 25.10లో సుడో స్థానంలో రస్ట్ భాషలో రాసిన సుడో-ఆర్ఎస్, జీఎన్‌యూ కోర్‌యుటిల్స్ స్థానంలో రస్ట్‌లోనే రాసిన యూయుటిల్స్ వచ్చాయి. పైన చెప్పిన సుడో లూప్ మామూలు రస్ట్‌లో రాస్తే హద్దు దాటిన చోట ప్రోగ్రామ్ ఆగిపోతుంది తప్ప పక్క మెమరీని తొక్కదు. అయినా కొద్ది రోజులకే కొత్త 'డేట్' కమాండ్‌లో తప్పు బయటపడింది. ఒక ఫైలు తేదీ చెప్పమని అడిగితే, ఆప్షన్‌ని ఒప్పుకున్నట్టే నటించి ఇప్పటి సమయం చెప్పేది. దాన్ని నమ్ముకున్న స్క్రిప్ట్ ఇప్పుడే అప్‌డేట్లు చూశామనుకుని, కొన్ని మెషీన్లలో ఆటోమేటిక్ అప్‌డేట్ తనిఖీలే ఆగిపోయాయి. సుడో-ఆర్ఎస్‌లో, పాస్‌వర్డ్ సగం కొట్టి వదిలేస్తే గడువు ముగిశాక ఆ అక్షరాలు తెర మీద పడే లోపం దొరికింది. ఇవి మెమరీ బగ్గులు కావు. దశాబ్దాలు వాడకంలో నలిగిన కోడ్‌లో పేరుకున్న చిన్న చిన్న జ్ఞానం, తిరగరాసినప్పుడు జారిపోతుంది. నా మట్టుకు నేను, రూట్‌గా నడిచేవాటినీ, బయటి ప్యాకెట్లు, ఫైళ్లు విప్పేవాటినీ రస్ట్‌లోకి మార్చడం సబబే అంటాను. సార్ట్, డేట్ లాంటివాటికి తొందర లేదు. వాటికి మంచి పరీక్షలు రాసి పెట్టడం ముందు పని.

ఇవన్నీ అయ్యాక దిద్దుబాటు మెషీన్‌కి చేరాలి. ఇక్కడ చాలామంది వెర్షన్ సంఖ్య చూసి మోసపోతారు. స్థిరంగా నడవాల్సిన పంపిణీల్లో వెర్షన్ మార్చరు, ప్యాచ్‌ని పాత కోడ్‌కే తెచ్చి కలుపుతారు. ఉబుంటు 20.04లో సుడోని అడిగితే అప్‌డేట్ తర్వాత కూడా 1.8.31 అనే చెబుతుంది, బ్యారన్ సామెడిట్ దిద్దుబాటు మాత్రం లోపల ఉంటుంది. అందుకే సంఖ్యని వదిలి ప్రవర్తనని చూడాలి. ఏ మూలనో అప్‌డేట్ లేకుండా నడుస్తున్న పాత సర్వర్ ఉంటే, మామూలు యూజర్‌గా లాగినయ్యి సుడోఎడిట్ అని కొట్టి, హైఫన్ ఎస్, ఆ తర్వాత ఒక స్లాష్ ఇవ్వండి. జవాబు 'యూసేజ్' అన్న మాటతో మొదలైతే ప్యాచ్ చేరింది. 'సుడోఎడిట్' అన్న పేరుతో మొదలయ్యే ఎర్రర్ వస్తే 2011 నాటి ఆ లూప్ అక్కడ ఇంకా అలాగే ఉంది, దాన్ని వెంటనే మార్చాలి.